కత్తెరక్క విప్పిన మాటలు

పరీక్షకు ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి. కత్తెరక్క ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే, ఆస్పత్రి నిబంధనల ప్రకారం నాలుగోసారి అనేది లేదు.

ఆపరేషన్ పనిముట్లను శుద్ధి చేసే విభాగం ఆస్పత్రి కింది అంతస్తులో, లిఫ్టు పక్కన ఉంటుంది. కిటికీలు లేని పొడవాటి గది. ఒక తలుపులోంచి రక్తం అంటిన పనిముట్లు వస్తాయి. వాటిని కీలు దగ్గర విప్పి, బ్రష్‌తో తోమి, భూతద్దం కింద చూసి, లిస్టు ప్రకారం ట్రేలో పేర్చి, లెక్కపెట్టి, గుడ్డ చుట్టి, ఆవిరి యంత్రంలోకి తోస్తారు. రెండో తలుపులోంచి శుభ్రమైన ట్రేలు పైకి వెళ్తాయి. ప్రతి ట్రే మీదా ఒక సంతకం. ఇరవై రెండేళ్లుగా ఆ సంతకాల్లో సగానికి పైగా ఒకే మనిషివి. కత్తెరను గాలిలో రెండుసార్లు ఆడించి, చప్పుడు విని, పదును ఉందో పోయిందో చెప్పేస్తుంది. అందుకే పై అంతస్తు సర్జన్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ల దాకా అందరికీ ఆమె కత్తెరక్క.

ఆ విభాగం ఇన్‌ఛార్జి రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ కత్తెరక్కకు రావాలని అందరూ అంటారు. కానీ కుర్చీకి, ఆమెకు మధ్య ఒక పరీక్ష ఉంది. మొత్తం వంద మార్కులు, ఎనభై వస్తే పాసు. చేతిపనికి ముప్ఫై. అది ఆమెకు మంచినీళ్లు తాగినంత సులువు. ఇంగ్లీషు మాటలకు యాభై. నోటి పరీక్షకు ఇరవై. పనిముట్లతో పాటు వచ్చే సూచనల కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, వాటిని చదివి ఇన్‌ఛార్జి సంతకం పెట్టాలి, కాబట్టి మామూలు ఇంగ్లీషు చాలదని పెట్టిన రూలు. మూడు వేల మాటల జాబితాలోంచి కఠినమైన మాటలు యాభై ఇస్తారు. ఒక్కోదానికి అర్థం రాయాలి. తెలుగులో రాసినా ఒప్పుకుంటారు.

పదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి మొదటిసారి మొత్తం డెబ్బై ఒకటి, రెండోసారి డెబ్బై ఆరు వచ్చాయి.

ఈసారి ఇంకొకరు కూడా రాస్తున్నారు. మూడేళ్ల కిందట చేరిన కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, విభాగంలో డిగ్రీ చదివినవాడు అతనొక్కడే. అందుకని అతని పేరే డిగ్రీ అయిపోయింది. ఇద్దరూ పాసైతే సర్వీసు ఎక్కువున్నవాళ్లకు కుర్చీ. అంటే కత్తెరక్క తప్పితేనే అతనికి దారి.

"ఈసారి కూడా రాస్తున్నావా అక్కా?" అన్నాడు డిగ్రీ, సింకు దగ్గర చేతి తొడుగులు వేసుకుంటూ.

"రాయకపోతే నీ పని తేలికవుతుందనా?"

"ఛ ఛ, అదేం మాట. ఈ వయసులో నీకెందుకీ తిప్పలని. మొత్తం మూడు వేల మాటలక్కా. నేను రెండు వేల ఎనిమిది వందలు దాటేశాను."

"నిన్న పన్నెండు క్లాంపుల ట్రే లెక్కపెట్టడానికి మూడుసార్లు పట్టింది నీకు. ముందు పన్నెండు దాటు నాయనా."

తోముతున్న మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. డిగ్రీ కూడా నవ్వాడు. కత్తెరక్క మాత్రం నవ్వలేదు. రెండు వేల ఎనిమిది వందలు అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

*

ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు. భర్త లారీ మీద వారానికి ఆరు రోజులు ఊళ్లు తిరుగుతాడు. కత్తెరక్క, ఆమె అత్తగారు, పందొమ్మిదేళ్ల కూతురు. కూతురు కూడా యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు ఇదే మూడు వేల మాటల జాబితాను బట్టీ పడుతోంది. పొద్దున్నే లేచి, గోడకు అంటించిన కాగితాల ముందు అటూ ఇటూ నడుస్తూ ఒక్కో మాటా ఇరవైసార్లు అంటుంది. ఆ గొణుగుడు వినీ వినీ అత్తగారికి నిద్రలో కూడా ఇంగ్లీషు వస్తోందని ఆవిడ ఫిర్యాదు.

ఆ సాయంత్రం కూతురు తల్లి రెండో పరీక్ష జవాబు కాగితాన్ని బల్ల మీద పరిచింది. అడిగితే ఆస్పత్రివాళ్లు నకలు ఇచ్చారు. అంతకు ముందు ఎవరూ అడగలేదు.

"అమ్మా, ఇందులో నువ్వు రాసినవి ఇరవై ఏడు. ఇరవై ఏడూ ఒప్పే."

"మరి?"

"మరేంటి మరి. మిగతా ఇరవై మూడూ ఖాళీ. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు కదా. ఏదో ఒకటి ఊహించి రాయాల్సింది. అందులో నాలుగు తగిలినా పాసయ్యేదానివి."

"ఊహించి నేను ఏదీ రాయను."

"పరీక్షమ్మా ఇది."

"అయితే?"

అత్తగారు మంచం మీద నుంచి అందుకుంది. "దాన్ని కదిలించకు. కూర నోట్లో వేసుకోకుండా ఉప్పు సరిపోయిందని కూడా చెప్పదు మీ అమ్మ. నేను చూస్తున్నానుగా పాతికేళ్లుగా."

కత్తెరక్కకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది గుర్తొచ్చింది. అప్పుడు పక్క బల్ల దగ్గర పనిచేసే మనిషి ఒక క్లాంపుల ట్రే లెక్కపెట్టకుండా, ఎప్పుడూ పన్నెండే కదా అని పన్నెండు రాసి సంతకం పెట్టాడు. అందులో పదకొండే ఉన్నాయి. పైన ఆపరేషన్ అయ్యాక లెక్క తక్కువ వచ్చింది. మనిషి కడుపు తెరిచి ఉండగానే అందరూ నలభై నిమిషాలు వెతికారు. పన్నెండోది చివరికి ఉతికే బట్టల మూటలో దొరికింది. ఆ రోగికి ఏమీ కాలేదు. కానీ ఆ నలభై నిమిషాలు కింద గదిలో గోడకానుకుని నిలబడ్డ కత్తెరక్కకు ఒక విషయం ఎముకల్లోకి దిగింది. చూడనిదాని మీద చెయ్యి పెట్టకూడదు. అనుమానం ఉన్న ట్రే వెనక్కి పోవాలి. అంతే.

ఆ అలవాటుతోనే పరీక్ష రాసింది. తెలిసిన మాటకు సంతకం పెట్టినట్టు అర్థం రాసింది. తెలియని మాటను వెనక్కి పంపింది. పనిలో ఆమెను నిలబెట్టిన అలవాటే పరీక్షలో రెండుసార్లు పడగొట్టింది.

"సరే, ఊహించకు," అంది కూతురు, విసుగు దాచుకోకుండా. "అయితే మూడు వేలూ బట్టీ పట్టు. మొదలుపెడదామా? రిట్రాక్ట్."

"మా రిట్రాక్టరేనా?"

"మీకుందా?"

"పదిహేను రకాలున్నాయి. కోసిన చోట చర్మాన్ని వెనక్కి లాగి పట్టుకునే కొక్కెం."

"అర్థం అదే. వెనక్కి తీసుకోవడం."

అత్తగారు పక్కకు తిరిగి పడుకుంటూ అంది. "ట్రాక్టరు పేరులాగే ఉందే. అదీ లాగేదేగా."

కూతురు నవ్వబోయి ఆగింది. తల్లి మొహం చూసింది. కత్తెరక్క కనురెప్ప వేయడం లేదు. పని దగ్గర బిగుసుకుపోయిన పనిముట్టు కీలు ఎక్కడుందో కనబడినప్పుడు ఆమె మొహం అలాగే ఉంటుంది.

"నిఘంటువు తియ్యి," అంది.

కూతురు లావాటి నిఘంటువు తెరిచింది. ఆ పుస్తకంలో ప్రతి మాట చివరా చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ముక్క ఉంటుంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పే ముక్క. రెండేళ్లుగా ఆ పుస్తకం వాడుతున్న పిల్ల ఒక్కసారి కూడా అక్కడిదాకా చదవలేదు. పరీక్షలో అడగరని.

"లాటిన్ మాటట," అంది నెమ్మదిగా. "ట్రాక్ట్ అంటే లాగడం. రి అంటే వెనక్కి. నానమ్మ చెప్పింది నిజమే. ట్రాక్టరు కూడా ఇక్కడే ఉంది."

"నాకెప్పుడో తెలుసు," అంది అత్తగారు కళ్లు మూసుకునే.

*

మర్నాటి నుంచి కత్తెరక్క మాటల్ని బట్టీ పట్టడం మానేసి విప్పడం మొదలుపెట్టింది.

ఆమెకు తెలిసిన పద్ధతి ఒకటే. పనిముట్టును కీలు దగ్గర విప్పాలి, ముక్కల్ని వచ్చిన వరసలోనే గుడ్డ మీద పెట్టాలి, ఒక్కో ముక్క ఏ పని చేస్తుందో చూడాలి. ఇంట్లో బల్ల మీద పాత దుప్పటి పరిచింది. అట్టముక్కలు కత్తిరించి, ఒక్కో దాని మీద ఒక్కో ముక్క రాసింది. ట్రాక్ట్, లాగడం. ముందు ముక్కలు వేరే అట్టల మీద. ఎక్స్, బయటికి. ప్రో, ముందుకి. డిస్, పక్కకి. సబ్, కిందికి. ఇన్, కాదు. లాగడానికి ముందు ఒక్కో అట్టా పెట్టి చూసింది. బయటికి లాగితే ఎక్స్‌ట్రాక్ట్. మనసును పక్కకు లాగితే డిస్ట్రాక్ట్. ముందుకి సాగలాగితే ప్రొట్రాక్ట్, అంటే ఎంతకీ తెగకుండా సాగడం. ఎంత లాగినా రాని మొండిదైతే ఇంట్రాక్టబుల్.

"నానమ్మ," అంది కూతురు.

"ఏంటే?" అంది అత్తగారు.

"ఏం లేదు. మాట అర్థం చెబుతున్నాను."

ఆ తర్వాత ఆమెకు నిజంగా ఒళ్లు జలదరించే సంగతి తెలిసింది. ముక్కలన్నీ ఇరవై రెండేళ్లుగా తన చేతుల్లోనే ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు పీల్చే ఆస్పిరేటర్‌లో ఉన్న స్పిర్ అంటే ఊపిరి. పర్‌స్పైర్ అంటే చెమట పట్టడం, ఎక్స్‌పైర్ అంటే గడువు తీరడం, కాన్‌స్పైర్ అంటే కుట్ర పన్నడం, మూడింట్లోనూ అదే ఊపిరి. కుట్ర అంటే తలలు దగ్గర పెట్టి ఒకే గాలి పీల్చడం. ఇన్‌సిషన్‌లో ఉన్న సిస్ అంటే కోయడం. అనవసరమైనదంతా కోసేసిన మాట కన్‌సైజ్. లోపలికి చూసే స్పెక్యులమ్‌లో స్పెక్ అంటే చూడడం. నాలుగు పక్కలా చూసుకుని అడుగేసేవాడు సర్కమ్‌స్పెక్ట్. రక్తం ఎక్కించే ట్రాన్స్‌ఫ్యూజన్‌లో ఫ్యూస్ అంటే పోయడం. గొట్టం లోపలి ఖాళీని లూమెన్ అంటారు. గొట్టం శుభ్రమైందో లేదో తెలియడానికి దీపానికి ఎదురుగా పట్టి, వెలుతురు ఇటు నుంచి అటు వస్తోందా అని చూస్తారు. ఆ పని ఆమె కొన్ని వేలసార్లు చేసింది. లూమెన్ అంటే లాటిన్‌లో వెలుతురే.

ఆ రోజు పనిలో ఒక గొట్టాన్ని దీపం ముందు పట్టుకుని కొంచెం ఎక్కువసేపే చూసింది.

"ఏమైందక్కా, లోపల ఏమైనా ఇరుక్కుందా?" అన్నాడు డిగ్రీ.

"లేదు. బాగా కనిపిస్తోంది," అంది ఆమె.

అన్నీ ఇంత సాఫీగా సాగలేదు. పద్దెనిమిదో రోజు ఎగ్రీజియస్ అనే మాట తగిలింది. విప్పింది. ఎ అంటే బయటికి, గ్రెగ్ అంటే మంద. మంద నుంచి బయటికి నిలిచినవాడు. నలుగురిలోకి గొప్పవాడు అని ధీమాగా చెప్పింది. కూతురు తల అడ్డంగా ఊపింది. మరీ ఘోరమైన అని అర్థం. కత్తెరక్క అట్టలన్నీ ఒక్క చేత్తో దుప్పటి మీద నుంచి తోసేసింది.

"ఇదంతా మోసం. ముక్కలొకటి చెబుతాయి, మాటొకటి చెబుతుంది."

ఆ రాత్రి అన్నం కూడా సగమే తింది. కానీ మర్నాడు పనిలో, గుడ్డపట్టీలు కోసే మొద్దు కత్తెర చేతిలోకి తీసుకున్నప్పుడు విషయం తట్టింది. ఆ కత్తెర ఒకప్పుడు పేగులు కోసేది. పదును పెట్టీ పెట్టీ అరిగాక దాన్ని గుడ్డలకు వదిలేశారు. తయారైన పని ఒకటి, ఇప్పుడు చేస్తున్న పని ఇంకొకటి. కత్తెర అబద్ధం చెప్పలేదు. చేతులు మారింది, అంతే. మాట కూడా అంతే. ముక్కలు విప్పాక, అది ఇప్పుడు ఏ పనిలో ఉందో ఒక వాక్యంలో పెట్టి చూడాలి.

సాయంత్రం ఇంటికి రాగానే అట్టలన్నీ ఏరి మళ్లీ పేర్చింది. కూతురు అప్పటికే సగం ఏరి పెట్టింది.

ఇంకో వారానికి ఇద్దరి పాత్రలూ తారుమారయ్యాయి. కూతురు గోడ కాగితాలు పీకేసింది. తెలియని మాట తగిలితే తల్లి పక్కకు వచ్చి కూర్చుంటోంది.

"కంజెక్చర్. ఇది నాకు అసలు గుర్తుండదమ్మా."

"ఇంజెక్షన్‌లో ఉన్న జెక్ట్ ఏంటి?"

"విసరడం. లోపలికి విసరడం."

"కన్ అంటే కలిపి. చేతికి దొరికినవన్నీ కలిపి విసిరితే?"

కూతురు రెండు అట్టలూ పక్కపక్కన పెట్టింది. "ఊహ. గాలిలో వేసిన బాణం."

"నేను చెయ్యనిది," అంది కత్తెరక్క.

"నువ్వు ఇప్పుడు చేస్తున్నది కూడా అది కాదు. నువ్వు తెరిచి, లోపల చూసి చెబుతున్నావు. చూసినదానికి సంతకం పెట్టొచ్చు కదా?"

ఆ ప్రశ్న కత్తెరక్క వెంట పరీక్ష హాలు దాకా వచ్చింది.

*

చేతిపని పరీక్షలో ముప్ఫైకి ఇరవై తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గిందో చెప్పమని అడిగింది. టోపీలోంచి ఒక వెంట్రుక బయటికి వచ్చిందన్నారు. ఒప్పుకుంది.

మర్నాడు మాటల పరీక్ష. గంటన్నర. ఆమె పక్క బెంచీలో డిగ్రీ. కాగితం చేతికి రాగానే అతని కలం పరుగు తీసింది. కత్తెరక్క మొదట తెలిసిన మాటలకే రాసింది. ఇరవై ఎనిమిది. గడియారం చూసింది. ముప్ఫై అయిదు నిమిషాలు అయ్యాయి. మిగిలినవి ఇరవై రెండు.

రెండుసార్లు ఆమె కలం మూసింది ఇక్కడే.

ఈసారి మూయలేదు. చిత్తు కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచింది. మొదటి తెలియని మాట రెక్లూజ్. కీలు ఎక్కడుందో చూసింది. రి, వెనక్కి. క్లూజ్, మూయడం. వెనక్కి వెళ్లి తలుపు మూసుకున్నవాడు. ఎవరితోనూ కలవని ఒంటరి మనిషి. వాక్యంలో పెట్టి చూసింది. కుదిరింది. అయినా కలం కాగితానికి వేలెడు దూరంలో ఆగిపోయింది. ఈ మాట ఆమె ఇంతకు ముందు ఎప్పుడూ చదవలేదు. ఎవరూ చెప్పలేదు. ముక్కలు తప్ప వేరే సాక్ష్యం లేదు.

చూసినదానికి సంతకం పెట్టొచ్చు కదా?

రాసింది. అక్షరాలు వంకర పోయాయి. తర్వాతి మాటకు అంత వంకర లేదు. పదో మాటకు అసలు వంకర లేదు. ముందు బెంచీల్లో ఎవరో దగ్గారు, ఎవరో కుర్చీ జరిపారు, ఆమెకు వినపడలేదు. కడిగే సింకు దగ్గర పెద్ద ట్రే పడ్డప్పటిలాగే చేతులు వాటంతట అవి పనిచేసుకుపోయాయి. గంట మోగేసరికి మూడు మాటలు మిగిలాయి. వాటిలో కీలు దొరకలేదు. మూడింటినీ ఖాళీగా వదిలేసింది.

ఫలితం రెండు రోజులకు వచ్చింది. నలభై రెండు. డిగ్రీకి నలభై ఏడు.

"ఇంకా మూడు ఖాళీలేనా అమ్మా," అంది కూతురు నవ్వుతూ. "అయిదు తప్పులు కూడా ఉన్నాయి. కంగ్రాట్యులేషన్స్. జీవితంలో మొదటిసారి తప్పులు రాశావు."

"మా కోడలు తప్పులు రాసిందా?" అంది అత్తగారు లేచి కూర్చుని. "అయితే పాసైపోయినట్టే."

ఇంకా కాలేదు. ఇరవై తొమ్మిదీ నలభై రెండూ కలిపితే డెబ్బై ఒకటి. ఎనభైకి తొమ్మిది కావాలి. నోటి పరీక్ష మిగిలింది. ఇదివరకు అందులో పని గురించి తెలుగులో అడిగేవాళ్లు, ఈసారి పద్ధతి మార్చారు.

*

బల్లకు అవతల ఇద్దరు. ఆఫీసు అధికారి ఒకాయన. పక్కన ఆస్పత్రిలో అందరికంటే సీనియర్ సర్జన్. ఏ మాటకైనా ముందు "ఒక్క నిమిషం" అనే అలవాటు ఉన్నందుకు ఆవిడను వెనకాల నిమిషం మేడం అంటారు. ఆవిడ ట్రేలన్నీ కత్తెరక్కే సర్దుతుంది. కానీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"ఒక్క నిమిషం," అంది సర్జన్, ఒక కాగితం ఆమె ముందుకు జరిపి. "వచ్చే నెల కొత్త రకం సన్న గొట్టాలు తెప్పిస్తున్నాం. ఇవి వాటి సూచనలు. పది నిమిషాలు చదవండి. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో మీ మాటల్లో చెప్పండి. దానికి పది మార్కులు. తర్వాత, చదివి అర్థం చేసుకున్నట్టు కింద సంతకం పెట్టండి. దానికి పది."

కత్తెరక్క కాగితం చదివింది. మూడో పేరాలో ఆగింది. ప్రొట్రాక్టెడ్ ఇమ్మర్షన్ మే అక్లూడ్ ద లూమెన్ అండ్ ప్రిక్లూడ్ సబ్సీక్వెంట్ స్టెరిలైజేషన్. ఇలాంటి వాక్యం చూస్తే ఆరు నెలల కిందట కాగితం బోర్లా పెట్టేసేది. ఇప్పుడు అది తెరిచిన ట్రేలా కనిపించింది. ప్రతి పనిముట్టూ తెలిసినదే.

"చెప్పండి," అంది సర్జన్.

"ఎక్కువసేపు మందు నీళ్లలో ముంచి ఉంచకూడదు మేడం. ముంచితే గొట్టం లోపలి దారి మూసుకుపోతుంది. అలా మూసుకుపోతే తర్వాత శుద్ధి చేద్దామన్నా కుదరదు. ఆవిరి లోపలికి పోదు కదా. ముందే తలుపు వేసేసినట్టు."

సర్జన్ కలం పక్కన పెట్టింది. "ప్రిక్లూడ్ అన్న మాట మీకు ముందే తెలుసా?"

"తెలియదు. విప్పితే వచ్చింది."

"విప్పితే అంటే?"

కత్తెరక్క బల్ల మీద వేలితో చూపించింది. ఇక్కడ ప్రి, ముందు. ఇక్కడ క్లూడ్, మూయడం. పై మాట అక్లూడ్‌లోనూ అదే మూయడం. రెండూ ఒకే ఇంటివి. ఆఫీసు ఆయన ముందుకు వంగి బల్ల మీదకు చూశాడు, అక్కడేదో నిజంగా పెట్టి ఉందేమోనన్నట్టు.

"పదికి పది," అంది సర్జన్. "సంతకం పెట్టండి."

డెబ్బై ఒకటి, పది. ఎనభై ఒకటి. కుర్చీ ఆమెదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎదుటివాళ్లకూ తెలుసు. సంతకం పెట్టి, నమస్కారం చేసి, మెట్లు దిగడమే మిగిలింది.

కలం తీసుకుంది. ఆఖరి పంక్తి ఇంకోసారి చదివింది. బ్రాకిష్ నీళ్లతో కడగవద్దు. బ్రాకిష్. కీలు కోసం వెతికింది. లేదు. ఏ ముక్కా తెలిసిన ముక్కలా లేదు. కలం కింద పెట్టింది.

"ఈ ఒక్క మాట తెలియదు మేడం. ఇది విప్పితే రావడం లేదు. లాటిన్‌ది కాదనుకుంటా."

"పరవాలేదమ్మా," అన్నాడు ఆఫీసు ఆయన. "ఏదో మంచివి కాని నీళ్లనే కదా. అంతవరకు తెలుస్తూనే ఉంది. పెట్టేయండి."

"ఏ రకంగా మంచివి కావో తెలియాలండి. మా కుళాయి నీళ్లు దాని కిందికి వస్తాయో రావో అప్పుడే తెలుస్తుంది. డిక్షనరీ ఉందా?"

"పరీక్షలో డిక్షనరీ ఇవ్వం."

"అయితే ఇప్పుడు పెట్టను."

"ఒక్క నిమిషం," అంది సర్జన్. గొంతు మారింది. "సంతకం లేకపోతే ఆ పది మార్కులూ ఇవ్వడానికి నాకు వీల్లేదు. సున్నా వేస్తాను. ఆలోచించుకోండి."

"వెయ్యండి మేడం."

సర్జన్ ఆమె కళ్లలోకి చూస్తూనే సున్నా వేసింది. ఆవిడ మొహంలో మెప్పు లేదు, కోపం లేదు. ఆపరేషన్ మధ్యలో చెయ్యి చాచగానే, అడగకుండానే సరైన పనిముట్టు చేతిలో పడ్డప్పుడు ఉండే మొహం అది.

కత్తెరక్క లేచి నమస్కారం చేసి బయటికి వచ్చింది. ఆస్పత్రి గ్రంథాలయం రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి అక్కడికి వెళ్లింది. పెద్ద నిఘంటువు తెరిచి ఆ మాట వెతికింది. ఉప్పు కలిసిన నీళ్లు.

అక్కడినుంచి తిన్నగా కింది అంతస్తుకు వెళ్లింది. సింకు కుళాయి తిప్పి, అరచేతిలో పట్టి, నాలుక ఆనించి చూసింది. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొరను గోటితో గీకింది.

*

ఫలితాల కాగితం లిఫ్టు పక్క గోడకు అంటించారు. కత్తెరక్క ఎనభై ఒకటి. డిగ్రీ తొంభై రెండు. సర్వీసు లెక్కన ఇన్‌ఛార్జి పదవి కత్తెరక్కకు.

కూతురు ఆస్పత్రికి పరుగున వచ్చి, ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని, పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా చూపించింది. "మా అమ్మ," అంటూ. ఇంట్లో అత్తగారు ఆ ఫొటోను ఫోనులో పెద్దది చేయించుకుని, చదవడం రాకపోయినా అంకెల మీద వేలు పెట్టి తడిమింది. "ఎనిమిదీ ఒకటీ," అంది. "నా కోడలు ఈ ఇంటికొచ్చిన రోజే అన్నాను, గట్టిపిండమని." అలా అన్నట్టు ఎవరికీ గుర్తులేదు. ఎవరూ కాదనలేదు.

డిగ్రీ మర్నాడు పొద్దున్నే సింకు దగ్గరికి వచ్చాడు. కాసేపు తొడుగులు సర్దుకున్నాడు.

"సంతకం పెట్టలేదటగా అక్కా. పైనంతా అదే మాట. పెట్టి ఉంటే తొంభై ఒకటి."

"తొంభై ఒకటి వస్తే రెండు కుర్చీలు ఇస్తారా?"

అతను నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను పెట్టేశాను. ఆ మాట నా రెండు వేల ఎనిమిది వందల్లో లేదు. గోరువెచ్చని నీళ్లనుకున్నాను."

"ఈ కుళాయి నీళ్లు నాలుక మీద వేసుకుని చూడు."

చూశాడు. మొహం చిట్లించాడు. ఆమె వైపు చూశాడు.

కత్తెరక్క ఇన్‌ఛార్జి బల్ల దగ్గరికి వెళ్లింది. కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఒక తెల్ల అట్ట తీసుకుని, లావు పెన్నుతో, పెద్ద అక్షరాలతో రాసింది. కొత్త గొట్టాలను ఈ నీళ్లతో కడగరాదు, ఇవి ఉప్పునీళ్లు, శుద్ధి చేసిన నీళ్ల డబ్బాలు వచ్చేదాకా ఆ గొట్టాలను పైకి పంపరాదు. ముందు తెలుగులో, కింద ఇంగ్లీషులో. ఇంగ్లీషు రాయడానికి ఎవరినీ పిలవలేదు. రాసినది ఒకసారి పైనుంచి కిందికి చదువుకుంది. ప్రతి మాటా తెలిసినదే.

సంతకం పెట్టి డిగ్రీ చేతికిచ్చింది.

"కుళాయి పైన అంటించు. వంకర లేకుండా."